యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు 8, 1948) సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. ఆంధ్ర దేశంలో జన్మించి, మద్రాసులో వైద్యవిద్యను అభ్యసించి, అమెరికాలో పరిశోధనలు సాగించి అక్కడే మరణించాడు. కండరాలలో శక్తి ఏ రూపంలో నిలవ ఉంటుందో తెలిపిన ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి. పదార్థాలను వెలికితీసిన వారిలో ఈయన ఒకడు. లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనాధిపతిగా ఈయన నడిపిన బృందాల నుండి ఫోలిక్ ఆమ్లం, రక్తపు కాన్సరుకు వాడిన అమినోప్టెరిన్, బోదకాలుకు మందైన హెట్రజాన్, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ వెలువడ్డాయి. ఒక్క మనిషి జీవితకాలంలో ఇన్ని మందులతో సంబంధం కలిగి ఉండడం వైద్యశాస్త్ర చరిత్రలో అరుదు. అయినా ఈయన పేరు చాలాకాలం వరకు స్వదేశంలో కూడా తగినంతగా తెలియలేదు.

బాల్యం

సుబ్బారావు పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించాడు. అప్పటికి ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలో భాగం. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఈయన నాలుగవవాడు. తండ్రి రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వలన ముందుగానే ఉద్యోగం మానవలసి రావడంతో సంసారం ఇబ్బందులలో పడింది.

పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడించాలని ఇల్లు విడిచి వెళ్ళగా, తల్లి వెనక్కు రప్పించిందని ఈయన జీవితచరిత్రలు చెబుతున్నాయి. చదువు కూడా సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణుడయ్యాడు. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివాడు. ఆ రోజులలో రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలన్న కోరిక బలంగా ఉండేది. తల్లి అంగీకరించలేదు. వైద్యం చదివి సేవ చేయమన్న సలహాపై మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు.

వైద్యవిద్య

వైద్య కళాశాల ఖర్చులు మిత్రుల సాయంతోనూ, అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆదరణతోనూ గడిచాయి. 1919 మే 10న సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో ఈయన వివాహం జరిగింది.

అది సహాయ నిరాకరణ కాలం. విదేశీ వస్తువులను విడనాడమన్న గాంధీ పిలుపునందుకొని సుబ్బారావు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు కోటు తొడుక్కొని వెళ్ళాడు. ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు ఇది నచ్చలేదు. వ్రాత పరీక్షలలో బాగానే రాణించినప్పటికీ సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. మద్రాసు వైద్య సర్వీసులో ప్రవేశానికి చేసిన ప్రయత్నమూ ఫలించలేదు. బ్రతుకుతెరువు కోసం డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్ర అధ్యాపకుడిగా చేరాడు. (స్వాతంత్ర్య సమరయోధురాలు, తరువాతి కాలంలో మద్రాసు మంత్రి అయిన రుక్మిణీ లక్ష్మీపతి ఈ వైద్యుని భార్యయే.)

ఆయుర్వేద కళాశాలలో గడిపిన కాలాన్ని ఈయన జీవితంలో ఒక పక్కదారిగా భావించరాదు. ఈయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే వ్యాధితో స్వల్ప వ్యవధిలో మరణించారు. ఇది ఆయుర్వేదంలో చెప్పే సంగ్రహణిని పోలినది. తిన్నది ఒంటబట్టక, విడవని విరేచనాలతో, రక్తం క్షీణించి రోగి శుష్కించిపోతాడు. సుబ్బారావుకు కూడా అదే వ్యాధి సోకింది. అప్పటి పాశ్చాత్య వైద్యంలో దీనికి సరైన మందు లేదు. లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద చికిత్సతో ఈయన కోలుకున్నాడు. మూలికలలో గుణం ఉన్నదని స్వానుభవంతో గ్రహించినా, ఆ గుణం ఏ పదార్థం వలన కలుగుతున్నదో, దానిని విడదీసి తూచి చూడడం ఎలాగో తెలుసుకోవాలన్న తపన అక్కడితో తీరేది కాదు. ప్రకృతిలో ఉన్న మందును పరీక్షనాళికలో పట్టుకోవడమే తరువాత ఈయన జీవితమంతా చేసిన పని.

అమెరికా ప్రయాణం

1920ల ఆరంభంలో సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ చేరి హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య విభాగంలో చేరాడు. కాకినాడకు చెందిన మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ, మామగారు ప్రయాణానికీ చదువుకూ ధనసహాయం చేశారు. చేతిలో ఉన్నది చాలక పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా కుదిరి రోగుల మలమూత్ర పాత్రలు కడిగాడు. పట్టభద్రుడైన వైద్యుడు చేయవలసి వచ్చిన పని ఇది.

మద్రాసులో విడిచి వచ్చిన భార్యను సుబ్బారావు మళ్ళీ చూడలేదు. ఈయన వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే చనిపోయాడు. కొద్ది సంవత్సరాలలో తిరిగి వస్తానని బయలుదేరిన మనిషి పాతికేళ్ళపాటు అక్కడే ఉండిపోయాడు. శేషగిరి ఇక్కడే జీవించింది. సుబ్బారావు కీర్తిని చెప్పే వ్యాసాలలో ఈ సంగతి ఒక వాక్యంతో ముగుస్తుంది. ఆ కీర్తికి మూల్యం చెల్లించిన వారిలో ఆమె కూడా ఉందని గుర్తించడం న్యాయం.

హార్వర్డ్ పరిశోధనలు

డిప్లొమా పొందిన తరువాత ఈయన ఓటో ఫోలిన్ అధిపతిగా ఉన్న జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే వద్ద పరిశోధకుడిగా చేరాడు. రక్తంలోనూ మూత్రంలోనూ ఉన్న భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి రూపొందించి 1925లో ప్రచురించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో ఇది జీవరసాయన శాస్త్ర విద్యార్థులు నేటికీ చదివే పాఠం. దీని సూత్రం సులభమైనది. ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసినప్పుడు ఏర్పడే సంయోగ పదార్థాన్ని ఒక క్షయకరణితో క్షయకరిస్తే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత గాఢం. రంగు గాఢతను కలరీమీటరులో కొలిచి పరిమాణాన్ని లెక్కకట్టవచ్చు.

ఈ పద్ధతి చేతికి రావడంతో కండరాలలోని భాస్వర పదార్థాలను వెదకడం సాధ్యమైంది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. ఇంచుమించు అదే సమయంలో ఇంగ్లాండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఈ పదార్థాన్ని గుర్తించారు. కండరం సంకోచించడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న సిద్ధాంతం అప్పటికి చెలామణిలో ఉంది. కండరాలపై కృషికి హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. ఫాస్ఫోక్రియాటిన్ రాకతో లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతం కదిలిపోయింది. 1929లో ఎ.టి.పి.ని ప్రకటించారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా అదే సంవత్సరం దానిని వెలికితీశాడు. జీవకణంలో శక్తి చేతులు మారడానికి ఉపయోగపడే నాణెం ఎ.టి.పి. అని తరువాత స్థిరపడింది.

సుబ్బారావుకు నోబెల్ బహుమతి అన్యాయంగా తప్పిపోయిందని తరచు వ్రాస్తుంటారు. పై రెండు ఆవిష్కరణలలోనూ ఇతర దేశాల పరిశోధకులకు కూడా భాగమున్నదన్న విషయం మరువరాదు. అయితే హార్వర్డ్‌లో ఈయనకు తగిన స్థానం దక్కలేదన్నది వాస్తవం. 1930లో డాక్టరేటు వచ్చినా స్థిరమైన ఆచార్య పదవి రాలేదు. అదే ప్రయోగశాలలో పనిచేసి 1988లో నోబెల్ పొందిన జార్జి హిచింగ్స్, ఫిస్కే అసూయ వలన సుబ్బారావు కృషిలో కొంత వెలుగు చూడలేదని, ఇతరులు దానిని మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని తరువాతి కాలంలో అభిప్రాయపడ్డాడు.

ఫోలిక్ ఆమ్లం

1940లో సుబ్బారావు హార్వర్డ్ విడిచి న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరాడు. ఇది అమెరికన్ సయనమిడ్ సంస్థకు చెందిన మందుల విభాగం. కొద్దికాలంలోనే పరిశోధనాధిపతి అయ్యాడు.

సోదరులను బలిగొన్న వ్యాధిని ఈయన మరువలేదు. 1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భిణులకు వచ్చే ఒక రకం రక్తహీనతకు ఈస్టు సారం గుణమిస్తుందని చూపింది. ఆ సారంలోని పదార్థం ఏదో తెలియలేదు. 1941లో టెక్సాస్ పరిశోధకులు టన్నుల కొద్దీ పాలకూర ఆకుల నుండి అటువంటి పదార్థాన్ని కొద్దిపాటిగా రాబట్టి, లాటిన్‌లో ఆకు అనే అర్థం వచ్చే మాటతో ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. ఆకు నుండి, కాలేయం నుండి ఇంత స్వల్పంగా దొరికే దానితో రోగులకు చికిత్స చేయడం అసాధ్యం. లెడర్లీలో సుబ్బారావు నాయకత్వాన ఒక పెద్ద బృందం దాని నిర్మాణాన్ని తేల్చి 1945లో కృత్రిమంగా తయారుచేసింది. త్వరలోనే టామ్ స్పైస్ మొదలైన వైద్యులు అది స్ప్రూ రోగులలో రక్తహీనతను పోగొడుతున్నదని చూపారు. సుబ్బారావు మద్రాసులో రోగిగా పడుకున్ననాటికి, ఈ మందుకు మధ్య గడిచినవి సుమారు పాతికేళ్ళు.

ఇంతకుముందు హార్వర్డ్‌లో ఈయన కాలేయ సారంలో వినాశక రక్తహీనతకు మందు వెదికాడు. ఆ పదార్థం, అనగా విటమిన్ బి12, ఇతరుల చేతికి 1948లో చిక్కింది. వెదికినదొకటి, దొరికినదొకటి.

అమినోప్టెరిన్

ఫోలిక్ ఆమ్లం నిర్మాణం తెలిసిన తరువాత దానిని కొద్దిగా మార్చి, కణం మోసపోయే నకిలీ పదార్థాలను తయారుచేయడం సాధ్యమైంది. కణవిభజనకు ఫోలిక్ ఆమ్లం అవసరం. దాని స్థానాన్ని నకిలీ ఆక్రమిస్తే విభజన ఆగిపోతుంది. బోస్టన్‌లోని పిల్లల వైద్య పరిశోధకుడు సిడ్నీ ఫార్బర్‌కు లెడర్లీ నుండి ఈ పదార్థాలు అందాయి. వాటిలో అమినోప్టెరిన్‌ను తీవ్ర ల్యుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గింది. 1948 జూన్‌లో వెలువడిన ఈ ఫలితం కాన్సరుకు రసాయన చికిత్స చరిత్రలో ఒక మలుపు. ఇదే వరుసకు చెందిన మెథోట్రెక్సేట్ కాన్సరుకూ, కీళ్ళవాతానికీ ఇప్పటికీ ముఖ్యమైన మందు.

హెట్రజాన్

1947లో లెడర్లీ బృందం డైఇథైల్ కార్బమజైన్ అనే పదార్థం ఫైలేరియా క్రిములపై పనిచేస్తుందని ప్రకటించింది. దీని వ్యాపారనామం హెట్రజాన్. బోదకాలు తెచ్చిపెట్టే సూక్ష్మ ఫైలేరియాలను ఇది రక్తం నుండి తొలగిస్తుంది. గోదావరి, కృష్ణా డెల్టా ప్రాంతాల ప్రజలకు బోదకాలు తరతరాలుగా తెలిసిన బాధ. ఆ డెల్టాలో పుట్టినవాడి ప్రయోగశాల నుండి ఆ మందు రావడం గమనించదగ్గది. 1955లో మొదలైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమంలోనూ, 2004 నుండి భారతదేశంలో ప్రజలందరికీ ఏటా మాత్రలు మ్రింగించే కార్యక్రమంలోనూ వాడినది ఈ డి.ఇ.సి. మందునే.

ఆరియోమైసిన్

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ ప్రపంచాన్ని ఆశ్చర్యపరచాయి. పెన్సిలిన్ ఒక తరహా బాక్టీరియాను చంపుతుంది, మరొక తరహాను వదిలేస్తుంది. స్ట్రెప్టోమైసిన్‌కు విషప్రభావం ఉంది, దానికి బాక్టీరియా త్వరగా లొంగకుండా పోతుంది. రెండింటికీ లొంగని రోగాలకు నోటితో తీసుకోదగిన మందు కావాలి. దాని కోసం మట్టిలోని సూక్ష్మజీవులను వెదికించాలని సుబ్బారావు సంకల్పించాడు.

ఈ పని విశ్వవిద్యాలయం నుండి పదవీ విరమణ చేసిన వృక్షశాస్త్ర ఆచార్యుడు బెంజమిన్ డగ్గర్ చేతిలో పెట్టారు. అప్పటికి ఆయన వయసు డెబ్బై దాటింది. దేశంలోని పలుచోట్ల నుండి మట్టి నమూనాలు తెప్పించి, వాటిలో పెరిగే జీవులను ఒక్కొక్కటిగా పరీక్షించారు. మిస్సోరి విశ్వవిద్యాలయపు శాన్‌బోర్న్ ఫీల్డ్ అనే వ్యవసాయ క్షేత్రంలో, గడ్డి పెంచే ఒక మడి నుండి 1945లో వచ్చిన మట్టిలో బంగారువన్నె పదార్థాన్ని స్రవించే జీవి కనిపించింది. దానికి స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్ అని పేరు పెట్టారు. ఆ పదార్థమే ఆరియోమైసిన్. రసాయన నామం క్లోర్‌టెట్రాసైక్లిన్. హార్లెం ఆసుపత్రిలో నల్లజాతి శస్త్రవైద్యుడు లూయీ రైట్ దీనిని మొట్టమొదట మనుషులపై పరీక్షించాడు. 1948 జులైలో దీనిని శాస్త్రలోకానికి ప్రకటించారు.

టెట్రాసైక్లిన్‌ను సుబ్బారావు కనుగొన్నాడని తెలుగు పత్రికలలో సాధారణంగా కనిపించే వాక్యం సరియైనది కాదు. ఆరియోమైసిన్‌ను వేరుచేసినది డగ్గర్. ఆ అన్వేషణకు రూపకల్పన చేసి, మనుషులను, ధనాన్ని సమకూర్చినది సుబ్బారావు. క్లోరిన్ లేని టెట్రాసైక్లిన్‌ను ఫైజర్ సంస్థకు చెందిన లాయిడ్ కోనోవర్ తరువాత తయారుచేశాడు. లెడర్లీలో సుబ్బారావు అనేక పరిశోధనా పత్రాలపై తన పేరు వేయించుకోక సహచరులకే గౌరవం దక్కనిచ్చాడు. ఈయన పేరు మరుగున పడడానికి ఇతరుల అన్యాయంతో పాటు ఇది కూడా ఒక కారణం.

టెట్రాసైక్లిన్‌లు బాక్టీరియాలోని రైబోజోముకు అంటుకొని మాంసకృత్తుల తయారీని ఆపుతాయి. అందువలన బాక్టీరియా పెరగడం మానుతుంది. టైఫస్ వంటి రికెట్సియా జ్వరాలకు, కలరాకు, ప్లేగుకు ఇవి పనికి వచ్చాయి. 1994లో సూరత్ నగరంలో ప్లేగు భయం వ్యాపించినప్పుడు ప్రజలు మందుల దుకాణాల ముందు బారులు తీరినది ఈ గుళికల కోసమే.

మరణం

ఆరియోమైసిన్ ప్రకటన వెలువడిన కొద్ది వారాలకు, 1948 ఆగష్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించాడు. అప్పటికి ఈయన వయసు 53 సంవత్సరాలు. 1946 చట్టం భారతీయులకు అమెరికా పౌరసత్వానికి దారి తెరిచినా ఈయన అమెరికా పౌరుడు కాలేదు.

నిరోధకత, తరువాతి అన్వేషణ

సుబ్బారావు మరణించిన కొద్ది నెలలకు ఆయన సంస్థలోనే ఒక విచిత్రమైన సంగతి బయటపడింది. థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని బి12 కోసమని కోడిపిల్లలకు మేతగా పెట్టారు. అవి అనుకున్నదానికంటే ఎక్కువ బరువు పెరిగాయి. 1950 నాటికి ఈ వార్త వ్యాపించి, మందులను పశువుల మేతలో కలపడం వ్యాపారమైంది. కొద్ది మోతాదులో ఎడతెగకుండా అందే మందు బాక్టీరియాకు దానిని తట్టుకొనే శిక్షణ ఇచ్చినట్లే అయింది. కణంలోకి వచ్చిన టెట్రాసైక్లిన్‌ను బయటకు తోడివేసే పంపులు, రైబోజోమును కాపాడే మాంసకృత్తులు గల బాక్టీరియా అంతటా కనిపించసాగాయి. బరువు పెంచడానికి ఈ మందులు వాడడాన్ని ఐరోపా సమాఖ్య 2006లో నిషేధించింది. అమెరికా, మనుషులకు ముఖ్యమైన మందుల విషయంలో, 2017లో ఆపివేసింది.

పాత మందులు బలహీనపడడంతో పరిశోధకులు మళ్ళీ చెట్టూ చేమా వైపు చూస్తున్నారు. వాటిలో ఒక మార్గం మొక్కల రసంతో లోహ నానోకణాలను తయారుచేయడం. దీనిని హరిత సంశ్లేషణ అంటారు. ఆకులను నీటిలో కాచి వడకట్టిన రసాన్ని వెండి నైట్రేటు ద్రావణంలో కలిపితే, రసంలోని ఫినాల్ జాతి పదార్థాలు వెండి అయానులను లోహపు వెండిగా క్షయకరిస్తాయి. అవే పదార్థాలు ఏర్పడిన కణాలకు పూతగా అంటి, ఒకదానితో ఒకటి ముద్దకట్టకుండా కాపాడతాయి. కణాల పరిమాణం 1 నుండి 100 నానోమీటర్లు. ద్రావణం గోధుమరంగుకు మారడం కణాలు ఏర్పడినందుకు గుర్తు. 1925 నాటి భాస్వర పద్ధతిలో కూడా జరిగినది క్షయకరణమే, సాక్ష్యం చెప్పినది రంగే.

పూణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల 2004లో వేపాకు రసంతో వెండి, బంగారు కణాలను తయారుచేసి చూపింది. కడప జిల్లాలోని శేషాచలం, లంకమల అడవులలో సహజంగా పెరిగే ఎర్రచందనం ఆకులతో వెండి నానోకణాలు చేసి వాటి బాక్టీరియా నిరోధక గుణాన్ని పరీక్షించిన పరిశోధన 2013లో ప్రచురితమైంది. ఈ కణాల నుండి వెలువడే వెండి అయానులు బాక్టీరియా పైపొరను దెబ్బతీసి, లోపలి మాంసకృత్తులకు అంటుకొంటాయి. ఒకేసారి అనేక చోట్ల దెబ్బ తగలడం వలన తట్టుకోవడం కష్టమని భావిస్తారు. అయినా వెండిని తట్టుకొనే బాక్టీరియా లేకపోలేదు. పళ్ళెంలో పెరిగే బాక్టీరియా మధ్య మందు చుట్టూ ఏర్పడే ఖాళీ వలయాన్ని చూసి మందు దొరికిందనడం తొందరపాటు. ఒకే చెట్టు ఆకులు ఋతువును బట్టి, నేలను బట్టి వేరువేరు రసాన్నిస్తాయి, దానితో కణాల పరిమాణమూ మారుతుంది. మనిషి ఒంటిలో ఈ కణాలు ఎక్కడ చేరి ఏమి చేస్తాయన్నది కూడా తేలాలి. పాలకూర నుండి ఫోలిక్ ఆమ్లం వరకు నడిచిన దారిలో సుబ్బారావు బృందం దాటిన మెట్లు ఇవే. పదార్థాన్ని శుద్ధిగా విడదీయడం, ప్రతిసారీ ఒకే విధంగా తయారుచేయడం, ఆ తరువాతనే రోగి వద్దకు తీసుకువెళ్ళడం.

గుర్తింపు

1953లో లెడర్లీ శాస్త్రవేత్త హెసెల్టైన్ తాను వర్ణించిన ఒక కొత్త శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టాడు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఈయన చిత్రంతో తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఎస్.పి.కె. గుప్తా ఇంగ్లీషులో ఈయన సమగ్ర జీవితచరిత్ర వ్రాశాడు. 2010లో వెలువడిన సిద్ధార్థ ముఖర్జీ కాన్సరు చరిత్ర గ్రంథం ఫార్బర్‌కు మందు పంపిన సుబ్బారావును మళ్ళీ ప్రపంచ పాఠకులకు పరిచయం చేసింది.